చేప ముట్టని భీమశంకరం గారి చేపల హోటళ్ళ జాబితా

ఏలూరు మెయిన్ బజారులో మద్దుల భీమశంకరం గారి చింతపండు కొట్టు తెలియనివాళ్ళు ఉండరు. పేరుకి చింతపండు కొట్టే గాని ఎండుమిర్చి, ధనియాలు, మెంతులు, పసుపుకొమ్ములు, రాళ్ళుప్పు అన్నీ ఉంటాయి. అడిగితే తప్ప బయటికి తీయని రెండు మూడు డబ్బాలు కూడా ఉంటాయి. ఆయనకిప్పుడు యాభై ఎనిమిదేళ్ళు. భార్య చంద్రావతి గారిది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల వ్యాపారుల ఇంటి పిల్ల కాబట్టి మాటలో ఘాటు పుట్టింటినుంచే తెచ్చుకున్నారు. కొట్టు వెనకే ఇల్లు. ఆ ఇంటి గడప ఇంతవరకూ కోడిగుడ్డు కూడా దాటలేదు.

అలాంటి మనిషి కొల్లేటి చేపల పులుసు ఎక్కడ బాగుంటుందో చెప్పే పెద్దమనిషి ఎలా అయ్యారో ఎదురు కొట్టువాణ్ణి కాబట్టి నాకు తెలుసు. నాది నోటు పుస్తకాలూ పెన్నులూ అమ్మే కొట్టు. బేరం తక్కువ, చూడ్డానికి తీరిక ఎక్కువ.

రెండేళ్ళ కిందట ఓ శుక్రవారం హైదరాబాదు నుంచి కూతురు శ్రీలేఖ ఫోన్ చేసింది. ఆ అమ్మాయి అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తోంది. భీమశంకరం గారు ఫోన్ చెవి దగ్గర పెట్టుకోరు, స్పీకరు పెట్టి బజారంతటికీ వినిపిస్తారు.

"నాన్నా, మా టీమ్ వాళ్ళు ఆరుగురు రేపు ఏలూరు వస్తున్నారు. ఆథెంటిక్ ఫుడ్ ఎక్కడుంటుందో చెప్పమంటున్నారు."

"అదేం ఫుడ్డమ్మా?"

"అంటే అసలు సిసలైనది నాన్నా."

"మనింటికి రమ్మను. మీ అమ్మ పనసపొట్టు కూర వండుతుంది."

"వాళ్ళకి చేపలు కావాలి నాన్నా. కొల్లేటి చేపలు."

నాకు తెలియదమ్మా అనేస్తే అక్కడితో అయిపోయేది. కానీ ఏలూరులో పుట్టి, ఏలూరులో పెరిగి, ఏలూరు తిండి గురించి తెలియదనడం ఆయనకి నామోషీ అనిపించింది. ఓ నిమిషం ఆలోచించి, "దానమ్మ దగ్గరికి పంపు" అన్నారు.

దానమ్మ ఆయన దగ్గర చింతపండు కొనే మనిషి. గుండుగొలను దగ్గర హైవే దిగి కొల్లేటి వైపు పోతే వచ్చే ఓ లంక ఊళ్ళో రేకుల షెడ్డు వేసుకుని మధ్యాహ్నం పూట భోజనాలు పెడుతుంది. నాలుగు బల్లలు. తినేది చేపల చెరువుల మీద పనిచేసేవాళ్ళూ, చేపల మేత దింపడానికొచ్చే లారీ డ్రైవర్లూ. ఆమె మొగుడు ఏసోబు పొద్దున్నే దోనె మీద వెళ్ళి ఏం దొరికితే అది తెస్తాడు. భీమశంకరం గారు ఆ షెడ్డు మొహం కూడా చూడలేదు.

"మరి ఎలా చెప్పారండీ?" అని అడిగాను.

"ఆవిడ పదేళ్ళనుంచి నా దగ్గర ఒకటే రకం కొంటోందండి. గింజ తీసిన పాత చింతపండు, జంగారెడ్డిగూడెం మీంచి వచ్చేది. ధర పెరిగినప్పుడు సణుగుతుంది గాని రకం మార్చదు. చింతపండుకి బదులు నిమ్మ ఉప్పు ఇమ్మని ఎప్పుడూ అడగలేదు. ఎర్రరంగు పొడి వంక చూడనైనా చూడలేదు. చేప సంగతి ఆ దేవుడికెరుక, పులుసు మాత్రం పులుసే అయి ఉంటుంది."

ఆయన లెక్క తప్పలేదు. ఆ ఆరుగురూ తిని, దాక అంచులు కూడా నాకి, ఆనందం పట్టలేక ఫోన్లలో రాసి పడేశారు. ఏలూరు భీమశంకరం అంకుల్ చెప్పారు, మేం తిన్నాం, జన్మ ధన్యమైంది అని. అది చదివి వాళ్ళ స్నేహితులు, ఆ స్నేహితుల తోడల్లుళ్ళు, విజయవాడనుంచి డాక్టర్లు, వైజాగునుంచి పెళ్ళి చూపులకి పోతూ దారి తప్పినవాళ్ళు అందరూ ఆయనకే ఫోన్ చెయ్యడం మొదలెట్టారు. నాలుగు నెలలు తిరిగేసరికి ఆయన చేతిలో పదకొండు హోటళ్ళ జాబితా తయారైంది. ఏలూరులో నాలుగు, గణపవరంలో రెండు, మిగతావి కొల్లేటి గట్ల మీద. అడిగినవాళ్ళకల్లా వాట్సాప్‌లో పంపేవారు. ఏ హోటలువాడు ఏ సరుకు కొంటాడో దాన్నిబట్టే ఆ జాబితా. రంగు కొనేవాడికి అందులో చోటు లేదు.

"ఆ రంగు అమ్మేది మీరే కదండీ" అన్నాను ఓసారి.

"కొంటానన్నవాడికి అమ్ముతానండీ. తింటానన్నవాడికి చెప్తాను. రెండూ ధర్మమే" అన్నారు, ఏమాత్రం తడుముకోకుండా.

పేరొచ్చిన కొద్దీ మాట పెరిగింది. మొదట్లో "బాగుంటుందంటారండీ" అనేవారు. తర్వాత "బాగుంటుందండీ" అన్నారు. ఆర్నెల్లకి "నే చెప్తున్నా కదండీ" దాకా వచ్చారు. దానమ్మ సరుక్కి వచ్చినప్పుడు కదిలించి నాలుగు ముక్కలు వినేవారు, అవే సాయంత్రానికి సొంత అనుభవంలా ఫోన్లో చెప్పేవారు. "బొమ్మిడాయికి నడి ముల్లొక్కటేనండీ, అది లాగేస్తే వెన్నే. కొరమీనంటారా, ముక్క విరగ్గానే పొరలు పొరలుగా రావాలి. రాలేదంటే నిన్నటిదన్నమాట." బజారంతా నోళ్ళు వెళ్ళబెట్టి వినేది. ఓ రోజు గుంటూరునుంచి ఎవరో, "అంకుల్, మీకు తల ఇష్టమా, తోక ఇష్టమా?" అని అడిగారు. ఆయన ఒక్క క్షణం తడబడి, "నడుమండీ" అన్నారు.

లోపల్నుంచి చంద్రావతి గారి గొంతు వినిపించింది. "అవునండీ, అందుకే ఇవాళ ఆనపకాయ నడుం ముక్కలే వండాను. చల్లారిపోతున్నాయి, వచ్చి ముళ్ళు ఏరుకుని తినండి."

పోయిన ఏడాది హైదరాబాదు నుంచి జయంత్ అనే కుర్రాడు కెమెరా మనిషిని వెంటబెట్టుకుని దిగాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి, చక్కగా దువ్విన గడ్డం. మాదాపూర్‌లో 'లంక దాక' అని పెద్ద రెస్టారెంటు తెరుస్తున్నానని చెప్పాడు.

"సార్, సిటీలో గోదావరి రుచులని బోర్డు పెట్టినవి బోలెడున్నాయి. ఒక్కటీ జెన్యూన్ కాదు. మీరొచ్చి నాలుగు చోట్ల చూసి, లోపాలు చెప్పాలి. తర్వాత మా దాంట్లో మొదటి ముద్ద మీరే తినాలి."

మొదటి ముద్ద అనగానే భీమశంకరం గారి మొహం కొంచెం వాడింది. కానీ కెమెరా అప్పటికే తిరుగుతోంది. "దానికేవుందండీ, వస్తాను" అనేశారు.

"వెళ్ళిరండి" అన్నారు చంద్రావతి గారు, ఆ అబ్బాయి వెళ్ళాక. "చేప మింగలేక, నిజం కక్కలేక ఎలా ఉంటారో టీవీలో చూస్తాం."

హైదరాబాదులో రెండు రోజులు తిరిగారు. వెంట శ్రీలేఖ ఉంది. తండ్రి ఎక్కడ దొరికిపోతాడోనని ఆ పిల్ల భయం. తినమన్నప్పుడల్లా ఆయన చెయ్యెత్తి, "ముందు కంటితో, తర్వాత ముక్కుతో. నోటిదాకా రానక్కర్లేదు" అనేవారు. జయంత్ దాన్ని మహా వాక్యంలా ఫోన్లో రాసుకున్నాడు.

మొదటి హోటలు గుమ్మంలో ఎడ్లబండి చక్రం ఉంది. పంచె కట్టిన కుర్రాడు ఎదురొచ్చి, "ఆయ్, రండి! ఆయ్, కూర్చోండి!" అన్నాడు. భీమశంకరం గారు ముచ్చటపడి, "ఏ ఊరు బాబూ మనది?" అని అడిగారు. ఆ కుర్రాడు మళ్ళీ "ఆయ్!" అన్నాడు. వాడికి తెలిసిన తెలుగు ఆ మూడు మాటలే. వాడిది ఒడిశాలో బాలాసోర్ అని, పంచె హోటలువాళ్ళదని శ్రీలేఖ హిందీలో అడిగి తెలుసుకుంది. వంటింట్లోకి తొంగి చూస్తే చింతపండు లేదు, వెనిగర్ డబ్బాలున్నాయి.

రెండోదాంట్లో పప్పులో బెల్లం, పులుసులో బెల్లం, ఆవకాయలో కూడా బెల్లమే. గోదావరి వాళ్ళకి తీపి ఇష్టమని మేనేజరు ఎక్కడో చదివాడట. "ఎవరండీ అలా రాసింది?" అని భీమశంకరం గారు అడిగితే, "నెట్‌లో సార్" అన్నాడు. పక్క బల్ల దగ్గర ఓ కుటుంబం ఆ బెల్లం పులుసు తింటూ, మా అమ్మమ్మ గుర్తొచ్చిందని కళ్ళు తుడుచుకుంటోంది. వాళ్ళమ్మమ్మది నిజామాబాదని తర్వాత మాటల్లో తేలింది.

రెండో రోజు మధ్యాహ్నం, మూసాపేటలో ఓ సందులో నడుస్తూ ఆయన ఠక్కున ఆగిపోయారు. ఎవరో తాలింపు పెడుతున్నారు. ఓ ఇంటి ముందుగదిలో నాలుగు గిన్నెలు పెట్టుకుని ఓ పెద్దావిడ కూరలు అమ్ముతోంది. పేరు వెంకటనరసమ్మ, ఊరు గణపవరం. వెనకాల గిన్నెలో చింతపండు నానుతోంది. భీమశంకరం గారు వంగి చూసి, "ఏవండీ, ఇది ఏడాది పాతదేనా?" అన్నారు.

"పాతది కాకపోతే పులుసు నల్లబడదు కదండీ" అంది ఆవిడ, ఇందులో అడగాల్సిందేముందన్నట్టు.

ఆయన అక్కడే ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని పప్పుచారూ వంకాయ కూరా వేయించుకుని రెండుసార్లు అన్నం అడిగి తిన్నారు. హైదరాబాదు వచ్చాక చేపలు అలవాటైన శ్రీలేఖ చేపల పులుసు తిని వేళ్ళు నాక్కుంది. "జయంత్ గారూ, మీరు వెతికేది ఇదేనండీ. ఈవిణ్ణి తీసుకెళ్ళి మీ వంటింట్లో పెట్టుకోండి" అన్నారు భీమశంకరం గారు.

జయంత్ సందు అటూ ఇటూ చూశాడు. "పార్కింగ్ లేదు సార్. ఏసీ లేదు. ఆవిడకి ఒక స్టోరీ కూడా లేదు" అన్నాడు.

మర్నాడు లంక దాక ప్రారంభం. లోపల పైకప్పుకి నిజం దోనె వేలాడుతోంది. గోడ పక్కన కుళాయి నీళ్ళతో చిన్న కొల్లేరు. దాంట్లో ప్లాస్టిక్ గూడబాతులు రెండు, స్విచ్చి వేస్తే తలలూపుతాయి. ఎనభై మంది జనం, వాళ్ళలో తినడానికి వచ్చినవాళ్ళకంటే తీయడానికి వచ్చినవాళ్ళే ఎక్కువ. భీమశంకరం గారికి శాలువా కప్పి, మధ్య బల్ల దగ్గర కూర్చోబెట్టి, ఆడపిల్లలు బొమ్మలాట ఆడుకునే సైజు దాకలో పొగలు కక్కుతున్న పులుసు తెచ్చిపెట్టారు.

ఆయన దాక మీదికి వంగి వాసన చూశారు. ముక్కు ముడతలు పడింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి నిమ్మ ఉప్పు ఘాటుకి, పొగకి, ఆ నీచు వాసనకి వచ్చిన నీళ్ళు. "ఇందులో చింతపండు లేదండీ" అన్నారు. "సీసా పేస్టు వేశారు. చాలక నిమ్మ ఉప్పు కూడా. ఈ ఎరుపు మిరపకాయది కాదు, డబ్బాది. ఆ డబ్బా నేనూ అమ్ముతాను, నాకు తెలుసు."

"సార్ జోకులేస్తున్నారు!" అని జయంత్ మైకులో నవ్వి, "ముందు ఒక్క ముద్ద సార్, అందరూ చూస్తున్నారు" అంటూ స్పూను చేతికిచ్చాడు.

ఆ స్పూను పట్టుకుని ఆయన ఎంతసేపు కూర్చున్నారో శ్రీలేఖ తర్వాత మాకు చెప్పింది. తినేస్తే పరువు దక్కుతుంది, ఇంట్లో మొహం చెల్లదు. తినకపోతే అప్పటిదాకా చెప్పిన మాటలన్నీ గాలికి పోతాయి. చివరికి స్పూను బల్లమీద పెట్టి, లేచి నిలబడి, దణ్ణం పెట్టారు.

"నేను చేప తిననండీ. పుట్టి బుద్ధెరిగి ఒక్క ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఇన్నాళ్ళూ చెప్పిందంతా సరుకు చూసి చెప్పిందే. క్షమించండి."

ఎవరో పకపకా నవ్వారు. ఆ వెంటనే హాలంతా చప్పట్లు. జయంత్ మైకు అందుకుని, "విన్నారుగా! సార్ దృష్టిలో అవి చేపలు కాదు, జలపుష్పాలు!" అన్నాడు. ఇంకా చప్పట్లు. ఆయన "అది కాదండీ, నిజంగానే" అంటూనే ఉన్నారు. ఎవరో సెల్ఫీకి పక్కన నిలబెట్టారు.

జయంత్ వాళ్ళు పెట్టిన ఆ వీడియో నాలుగు లక్షలమంది చూశారు. అందులో మాటలు తీసేసి, వీణ పెట్టి, దాక మీదికి వంగిన ఆయన మొహాన్ని స్లో మోషన్‌లో చూపించారు. కింద 'ఏలూరు పెద్దాయన కన్నీరు పెట్టుకున్న రుచి' అని రాశారు.

ఆయన తిరిగొచ్చాక నేను వెళ్ళి, "నిజం చెప్పేశారటగా?" అన్నాను.

"చెప్పానండీ. ఎవరూ పుచ్చుకోలేదు" అన్నారు. చంద్రావతి గారు ఆ రోజు అడక్కుండానే పనసపొట్టు కూర వండారు.

ఆ మంగళవారం దానమ్మ సరుక్కి వచ్చింది. ఎప్పుడూ రాని ఏసోబు కూడా వెంట వచ్చి, కొట్టు బయటే నిలబడ్డాడు.

"శెట్టిగారండీ, కోప్పడకండి. ఆ ఫోన్లలోంచి నా పేరు తీయించెయ్యండి" అంది.

"అదేంటి దానమ్మా? బేరం పెరిగిందన్నావు కదా!"

"పెరిగిందండి. ఆదివారం ముప్పై కార్లొచ్చాయండి. చెరువుల మీద పనిచేసే మావోళ్ళు పళ్ళేలు పట్టుకుని ఎండలో నుంచుంటన్నారండి. ఈ కార్లోళ్ళు కూరొచ్చాక పావుగంట ఫొటోలు తీత్తారండి. ఆనక తిని, సల్లగా ఉందని రాత్తారండి. ఒకాయన బొమ్మిడాయిని చూసి పామని కేకెట్టి బల్లెక్కేశాడండి. ఇంకొకాయన నన్ను దోనెక్కి నవ్వమన్నాడండి. పొయ్యి మీద అన్నం మాడిపోతంటే నాకు నవ్వెలా వత్తాదండి?"

ఏసోబు బయట్నుంచే అందుకున్నాడు. "నాకు రోజుకి దొరికేది ఆరు కిలోలు, దొరక్కపోతే మూడండి. ముప్పై కార్లకి కొల్లేటి చేప ఎక్కణ్ణుంచి తేనండి? చెరువు చేప వండి కొల్లేటిదని చెప్పేయమంటన్నారండి, ఆ వచ్చేవోళ్ళే. అలా చెప్తే ఆళ్ళకి బాగుంటదంట."

భీమశంకరం గారు నన్ను పిలిచి ఫోన్ చేతికిచ్చారు. జాబితాలో దానమ్మ పేరు పక్కన 'శాశ్వతంగా మూసివేశారు' అని నా చేతే రాయించి, అందరికీ మళ్ళీ పంపించారు. ఏసోబు దాన్ని రెండుసార్లు చదివించుకుని, "మూసేశామంటే మావోళ్ళు కంగారు పడతారేమోనండి" అన్నాడు. "మీవాళ్ళెవరూ ఇది చదవర్లేవయ్యా" అన్నారు ఆయన.

ఫోన్లు మాత్రం ఆగలేదు. దానమ్మ మూసేసిందా అయ్యో, మరి ఇంకెక్కడ అని ప్రాణం తీశారు. ఓ రోజు ఆయనకి ఒళ్ళు మండింది. హైవే పక్కన ఓ హోటలుంది. ఎర్రరంగు, నిమ్మ ఉప్పు ఆయన దగ్గర అందరికంటే ఎక్కువ కొనేది ఆ హోటలువాడే. హైదరాబాదునుంచి వచ్చే ఓ జట్టుకి, కావాలనే, దాని పేరు చెప్పారు. తిని తిడతారని, దాంతో తన పీడ వదులుతుందని ఆయన ఆశ.

సాయంత్రం ఫోనొచ్చింది. "అంకుల్! ఇది దానమ్మ కంటే వంద రెట్లు నయం. ఆ కలరే వేరు!"

ఆయన ఫోన్ పెట్టేసి మూడు రోజులు దిగాలుగా తిరిగారు. తిట్టుంటే ఓర్చుకునేవారేమో. నాలుగో రోజు జాబితా మొత్తం చెరిపేశారు. ఎవరైనా అడిగితే "నాకు పంటి నొప్పండీ, ఇప్పుడు తినడం లేదు" అనేవారు. అది మాత్రం అందరూ నమ్మారు.

లంక దాక రెండో బ్రాంచి కూడా పెట్టిందట. మెనూ కార్డు వెనక ఆయన కన్నీటి బొమ్మ వేశారని శ్రీలేఖ చెప్పింది. తీసెయ్యమని ఆయన ఫోన్ చేసి అడిగితే జయంత్ ఎంతో మర్యాదగా, "మీ ముఖం మీది కాదు సార్, ఇప్పుడది గోదావరిది" అని జవాబిచ్చాడు. శ్రీలేఖ ఆదివారాలు మూసాపేట సందుకి వెళ్ళి తింటోంది. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

పోయిన నెలలో మోపెడ్ పాడై దానమ్మ సరుక్కి రాలేకపోయింది. భీమశంకరం గారు బస్తా ఆటోలో వేయించుకుని తనే బయల్దేరారు. ఆ షెడ్డు చూడాలని నాకూ ఎప్పట్నుంచో ఉంది, వెంట వెళ్ళాను. కార్లేమీ లేవు. పంచెలు మోకాళ్ళపైకి మడిచిన కూలీలు బల్లల నిండా ఉన్నారు. నేను పులుసు వేయించుకున్నాను. దాని గురించి ఇక్కడ ఒక్క ముక్క కూడా రాయను, మళ్ళీ మీరు బయల్దేరతారు.

దానమ్మ ఆయనకి విడిగా ఆకు వేసి, పెరుగన్నం, చింతకాయ పచ్చడి పెట్టింది. ఖాళీ లేక కూలీల బల్ల దగ్గరే కూర్చున్నారు. పక్కన కొరమీను ముక్క విరుస్తున్న ముసలాయన ఆయన వైపు తిరిగి, "శెట్టిగారూ, హైదరాబాదులో చేపలు బాగుంటాయాండి?" అని అడిగాడు.

"నాకేం తెలుసు బాబూ, నేను చేప తినను."

"ఓహో, అలాగాండి" అన్నాడు ఆ ముసలాయన. అని, పచ్చడి గిన్నె ఆయన వైపు జరిపి, తన పళ్ళెంలోకి ఇంకో గరిటెడు అన్నం వెయ్యమని దానమ్మని కేకేశాడు.